వలస బతుకులు – 6 : రెండో గ్లాసు



మా చిన్నబాపును గల్ఫ్ నుంచి వాపస్ పంపింది ఒక ఎక్స్‌రే. వీసా రెన్యువల్ పరీక్షలో టీబీ అని తేలింది. ఆయన చేతిలో పెట్టిన కాగితం అరబ్బీలో ఉంది, చదివి చెప్పినోళ్లు లేరు. ఇంటికి రాగానే మా నాయినమ్మ ఒక స్టీలు గ్లాసు, ఒక పళ్లెం వేరు చేసి గూట్లో పెట్టింది. ఊరి హోటల్లో రెండు గ్లాసుల మీద కొట్లాడిన వాడ మాది. ఆ రెండో గ్లాసు మా ఇంట్లోకే వచ్చి కూసుంది.

నాయినమ్మను తప్పుపట్టను. ఆమెకు ఎవరూ చెప్పలేదు. టీబీ గ్లాసుతో అంటదు, పళ్లెంతో అంటదు. గాలితో అంటుతుంది. రోగి దగ్గినప్పుడు వచ్చే క్రిములు గాలి ఆడని గదిలో నిలిచి పక్కనోళ్ల ఊపిరిలోకి పోతాయి. సరైన మందులు మొదలైన కొన్ని వారాలకే అంటించే గుణం బాగా తగ్గుతుంది. అంటే ఆ ఇంటికి కావాల్సింది కిటికీ, మందులు, కడుపునిండా తిండి. మనం ఇచ్చింది అంటరానితనం.

ఇప్పుడు పెద్దపల్లి ఇటుక బట్టీలకు పోదాం. ఒడిశాలోని బలంగీర్, నువాపడా నుంచి అడ్వాన్సుకు కట్టుబడి మొగుడు, పెండ్లాం, పిల్లలు వస్తారు. వంగి దూరాల్సిన గుడిసె, కిటికీ ఉండదు. వాళ్లకు 'అవగాహన' పేరుతో తెలుగు పోస్టర్ అంటిస్తారు. 'క్షయ సంక్రమణ నివారణ' అట! తెలుగులో డాక్టరేట్ చేసిన నేనే రెండుసార్లు చదివిన. ఒడియా తల్లి ఏం చదవాలె? సొంత అడవిలోనే ఉన్న ఆదిలాబాద్ గోండు, కొలాం ముసలమ్మ కూడా ఆ పోస్టర్ ముందు పరాయిదే.

'మధ్యలో మందులు మానేస్తారు సార్, చదువులేనోళ్లు' అంటారు. లెక్క వేయండి. మామూలు టీబీకి కోర్సు ఆరు నెలలు. ఫిబ్రవరిలో మొదలుపెడితే జూలై దాకా మింగాలె. వానలకు ముందే బట్టీ బంద్ అవుతుంది, మనిషి ఊరికి పోతాడు. నిక్షయ్‌లో రోగి పేరును ఇంకో జిల్లాకు, ఇంకో రాష్ట్రానికి బదిలీ చేయొచ్చు. ఆ ముక్క అతనికి అతని భాషలో చెప్పిందెవరు? సర్కారు దవాఖానలో మందులు ఉచితం. తిండికి నెలకు 500 రూపాయలిచ్చేవారు, 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. అడ్వాన్సు మీద బతికేటోడికి ఖాతా తెరిపించిందెవరు? వలస కూలీలకు ఉచిత వైద్యం కాంట్రాక్టరే చూడాలని 1979 నాటి చట్టంలోనే రాసి ఉండేది. అయినా పాఠం చెప్పేది మాత్రం కూలీకి. యజమానికి చెప్పరు.

2025 నాటికి టీబీని అంతం చేస్తామని 2018లో ఢిల్లీలో ప్రకటించారు. గడువు దాటింది. గుడిసెకు కిటికీ రాలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన పిల్లలు అరబ్బీ కాగితం పట్టుకొని ఏడ్చిన జిల్లా ఇది. మన దగ్గరికి వచ్చిన ఒడియా కూలీకి తెలుగు కాగితం ఇచ్చి చేతులు దులుపుకునే హక్కు మనకు లేదు. ఒడియా, గోండి, కొలామి తెలిసినోళ్లను వెంటబెట్టుకొని బట్టీలకు, గూడేలకు పోదాం. రెండు వారాలు దాటిన దగ్గుంటే తెమడ పరీక్ష చేయించుదాం. ఇంట్లో పిల్లలకూ పరీక్ష అడుగుదాం. గాలి ఆడే గుడిసె కోసం యజమానిని నిలదీద్దాం.

చిన్నబాపు ఆరు నెలలు మందులు మింగి బతికిండు. గ్లాసు మాత్రం ఏండ్ల తరబడి గూట్లోనే ఉంది. దాన్ని తీసి అందరి గ్లాసుల్లో కలపడానికి మా ఇంట్లో ఒక్కరికీ ధైర్యం రాలేదు. ఆ ఒక్కరిలో నేనూ ఉన్న.

జై భీమ్.