మన పేరు తప్పు కాదు



మన ఇంటిపేరు ఒక్కటే, రాతలు నాలుగు: కుమ్రం, కుమ్ర, కుమురం, కొమురం. జోడేఘాట్ వీరుడి పేరే ఒకచోట కొమురం భీం, ఇంకోచోట కుమ్రం భీం. ఎవరికి వినబడినట్టు వాళ్లు రాశారు. మెమోలో ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు. కంప్యూటర్ రెండూ పోల్చి చూసి సరిపోలేదంటుంది. మా గూడెం పిల్ల ఒకతి పేరు సరిచేయించుకోవడానికి తండ్రితో భైంసాకు మూడుసార్లు తిరిగింది. మూడు రోజుల కూలి పోయింది.

సర్కారు శాఖలు సాఫ్ట్‌వేర్ అంతా సొంతంగా రాసుకోవు. 2001లో హైదరాబాదులో సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ అనే సొసైటీ పెట్టారు. లాభం కోసం కాదు, ప్రభుత్వ శాఖలకు పరిశోధన, శిక్షణ, సాఫ్ట్‌వేర్ సాయం కోసం. ఉపకార వేతనాల ఈ-పాస్ సైటు చిరునామాలో కనిపించే సీజీజీ అదే. ఇలాంటి సంస్థ ఉండడం మంచిదే. లాభం చూసుకునే కంపెనీ కంటే మేలే. కానీ లాభం వద్దనుకున్నంత మాత్రాన మన బాధ తెలియదు. పని చెప్పేది శాఖ. శాఖ మనల్ని అడగకుంటే మన మాట అందులోకి ఎట్లా వస్తుంది?

అడిగిన రోజులూ ఉన్నాయి. 1940లో భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం గోండుల స్థితిని తెలుసుకోవడానికి హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మన మధ్యే ఉన్నాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండి వాచకాలు వచ్చాయి. అది ఎవరి దయా కాదు, భీం నెత్తురు అడిగించింది. అయినా పరిశోధన గూడెంలో మొదలైతే ఏమవుతుందో అది చూపింది.

అందుకే అడుగుదాం. మన పిల్లల కోసం చేసే ఏ సైటునైనా ముందు ఒక ఆశ్రమ పాఠశాలలో, మన పిల్లల చేత నింపించి చూడాలి. పేరులో అక్షరం తేడా ఉంటే దరఖాస్తు తోసేయకుండా ప్రధానోపాధ్యాయుడి ధ్రువీకరణ తీసుకోవాలి. సూచనలు గోండిలో, కొలామిలో వినిపించాలి. అక్షరాలు లేవనే సాకు చెల్లదు. గుంజాల గోండి లిపి 2018లోనే యూనికోడ్‌లో చేరింది.

ఉపాధ్యాయులారా, బడిలో ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ పిల్ల దరఖాస్తు ఎందుకు ఆగిందో, ఏ తేదీన ఆగిందో రాయండి. అదీ పరిశోధనే. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, కంప్యూటర్ నేర్చి ఆ కుర్చీల్లో మీరు కూర్చోండి. అప్పటిదాకా ఆ నోటుబుక్కు పట్టుకొని శాఖ గుమ్మం ముందు నిలబడదాం. సరిచేయాల్సింది మన పేరును కాదు, దాన్ని తప్పంటున్న పద్ధతిని.