నడకకు ముందు ఏం తాగాలి?

సర్రీలో వాన తెరిపిచ్చిన సాయంత్రం బేర్ క్రీక్ పార్కుకి వెళ్ళి చూడండి. నడకకి వచ్చిన మనవాళ్ళలో కొందరి చేతిలో రంగునీళ్ళ స్పోర్ట్స్ డ్రింకు, జబ్బకి రూపాయి బిళ్ళంత గ్లూకోజ్ సెన్సర్ కనిపిస్తాయి. సీసా ఖాళీ చేస్తారు, ఫోన్లో గ్రాఫు చూస్తారు, గీత పైకి లేచిందని కంగారుపడతారు. పగలంతా సర్వర్ల గ్రాఫులు చూసే మనకి సొంత ఒంటి గ్రాఫు దొరికితే ఊరుకుంటామా! పక్కనున్న అమెరికాలోనైతే 2024 నుంచి కొన్ని సెన్సర్లని డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు.

అయితే గ్రాఫు ఏం జరిగిందో చెబుతుంది గానీ, ఏం తాగాలో చెప్పదు. ఆ తేడా గురించే ఈ నాలుగు మాటలు.

ముందు సీసా సంగతి. గేటరేడ్‌ని 1965లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో తయారుచేశారు. ఎండలో గంటల తరబడి చెమటోడ్చే ఫుట్‌బాల్ ఆటగాళ్ళ కోసం. 591 మిల్లీలీటర్ల సీసాలో చక్కెర సుమారు 35 గ్రాములు, అంటే 140 కాలరీలు. డెబ్భై కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు అంతే. కుర్చీలోంచి లేచి అరగంట నడిచే మనకి ఆ లెక్కలో మిగిలేది సున్నా.

పైకి లేచిన గీత నడక మొదలెట్టాక ఒక్కోసారి గబుక్కున పడుతుంది కూడా. ఎందుకంటే, చక్కెర తాగిన అరగంటా గంటలో ఇన్సులిన్ పెరిగి ఉంటుంది. అదే సమయంలో పనిచేసే కండరాలు ఇన్సులిన్ సాయం లేకుండా కూడా గ్లూకోజ్‌ని లాక్కుంటాయి. రెండూ కలిసేసరికి గీత దిగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కాలేయం గ్లూకోజ్ వదిలి సర్దేస్తుంది. కాబట్టి అది జబ్బేమీ కాదు. అరగంట నడకకి మంచినీళ్ళు చాలు. మరీ కావాలంటే చక్కెర లేని పల్చటి మజ్జిగ.

ఇక్కడితో ఆపేస్తే ప్రమాదం. "నడకకి ముందు తీపి వద్దు" అనే ఈ సలహానే మనం ఇండియా నుంచి వచ్చిన నాన్నగారికి కూడా చెప్పేస్తాం. ఆయన ఇన్సులిన్ తీసుకుంటున్నా, గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుంటున్నా కథ వేరు. ఆ మందులు చక్కెర తగ్గుతున్నా తమ పని ఆపవు. దానికి నడక తోడైతే చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహ తప్పడం. అలాంటివాళ్ళకి నడకకి ముందు రీడింగు 90 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే కాస్త పిండిపదార్థమో పళ్ళరసమో తీసుకొమ్మని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచన. అక్కడ ఆ అరగ్లాసు రసం మందుతో సమానం. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఈ భయం చాలా తక్కువ.

ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే, ఇన్‌పుట్ ఒకటే అయినా లోపలి స్టేట్ వేరైతే అవుట్‌పుట్ వేరవుతుంది. ఒకరి గ్రాఫు ఇంకొకరికి మాన్యువల్ కాదు.

యూనిట్ల గొడవ ఒకటుంది. కెనడాలో మిల్లీమోల్స్, ఇండియాలో మిల్లీగ్రాములు. ఇక్కడి 5 అక్కడి 90, ఇక్కడి 6 అక్కడి 108. పద్దెనిమిదితో హెచ్చవేస్తే సరి. ఫోన్లో సలహా చెప్పేముందు ఈ గుణకారం మరవకూడదు.

సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింది కణాల మధ్య ద్రవాన్ని. అందుకని అంకె కొన్ని నిమిషాలు వెనకబడుతుంది, నడకలో మరీను. నిలకడగా ఉన్న 6 వేరు, కిందికి బాణం గుర్తున్న 6 వేరు. ఒళ్ళు తూలుతుంటే ఫోను బాగానే ఉందన్నా నమ్మకండి, వేలు పొడిచి చూడండి.

నా అభిప్రాయం ఇదీ. ఈ యాప్‌లు అంకె చూపించేముందు "ఏ మందు వాడుతున్నారు?" అని అడగాలి. అవి అడిగేదాకా, నడకకి బయల్దేరే ప్రతి పెద్దమనిషినీ ఆ ప్రశ్న మనమే అడగాలి. ఇన్సులిన్ వాడేవారి జేబులో గ్లూకోజ్ బిళ్ళలు ఉన్నాయో లేదో చూడాలి. ఆ సమాధానం తెలిశాకే గ్లాసులో ఏం పోయాలో తేల్చుకోవచ్చు.