నారుమడి ఒక్కటే



మా సంఘపు రైతు ఒకాయన గత నెల మమ్మల్ని వెంటబెట్టుకొని హైదరాబాదు వచ్చారు. ఆయన కుమారుడు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. వయస్సు 24. మా ప్రయాణము చదువు గూర్చి కాదు, జుట్టు గూర్చి! నుదుటికి ఇరువైపులా జుట్టు రాలిపోయింది, రెండు సంబంధాలు తప్పిపోయాయి. అబ్బాయి లైబ్రరీకి కూడా టోపీతోనే వెళ్తున్నాడట. జుట్టు నాటించుకొనుటకు డబ్బు కావాలన్నాడని తండ్రి రెండు పాడి గేదెలను బేరం పెట్టారు. "చేయించవచ్చునా అయ్యగారూ?" అని అడిగారు.

మాకు మొదట నవ్వు వచ్చింది. అబ్బాయి ముఖము చూచాక ఆ నవ్వు పోయింది. ఎలీషా ప్రవక్తను కుర్రవాళ్లు గేలిచేసింది బట్టతలను బట్టియే గదా.

చిక్కడపల్లిలో మేడమీద ఒకచోటికి ముందు వెళ్లాము. అబ్బాయి వయస్సు అడుగలేదు, జబ్బులేమైనా ఉన్నాయా అని అడుగలేదు. ఈ రోజే కడితే సగం ధర అన్నారు. చేసేది ఏ డాక్టరు అంటే "మా టీము" అన్నారు. లేచి వచ్చేశాము.

నారాయణగూడలో చర్మవైద్యులు ఒకరు ఓపికగా వివరించారు. మన రైతులకు ఇది సులువుగా అర్థమగును. తల వెనుక జుట్టు సాధారణముగా రాలదు. అదే నారుమడి. అక్కడి కుదుళ్లను తీసి ముందు నాటుతారు. నాటిన చోట కూడా అవి తమ స్వభావమునే నిలుపుకొంటాయని న్యూయార్కు వైద్యుడు ఆరెన్‌ట్రైచ్ 1959లో ప్రకటించారు.

తీసే పద్ధతులు రెండు. పాతదైన ఎఫ్.యు.టి.లో వెనుక చర్మమును సన్నని పట్టీగా కోసి, కుట్లు వేసి, ఆ పట్టీ నుండి కుదుళ్లను విడదీస్తారు. ఒకే పూటలో ఎక్కువ దొరుకుతాయి, దెబ్బతినేవి తక్కువ. అయితే గీత మచ్చ జీవితాంతము ఉంటుంది, క్రాపు పొట్టిగా చేయిస్తే కనబడుతుంది. 2002 తరువాత వ్యాపించిన ఎఫ్.యు.ఇ.లో సన్నని గొట్టము వంటి పరికరముతో ఒక్కొక్క కుదురునే తీస్తారు. కుట్లు ఉండవు, త్వరగా మానుతుంది. మచ్చే ఉండదను ప్రకటనలు మాత్రము నిజము కాదు, చుక్కలు మిగులుతాయి. చేయి తిరగనివాడు తీస్తే కుదుళ్లు తెగుతాయి, అతిగా తీస్తే వెనుక కూడా పలచబడుతుంది. ఏ పద్ధతిలోనైనా నాటిన వెంట్రుకలు కొన్ని వారాలకు రాలి, మూడు నాలుగు నెలలకు తిరిగి మొలుస్తాయి. పూర్తి ఫలితానికి ఏడాది పడుతుంది.

"నాకు తలనిండా ఉంది గదా, నాది తీసి వానికి పెట్టరాదా?" అన్నారు తండ్రి. ఇంకొకరి జుట్టును శరీరము అంగీకరించదని డాక్టరుగారు చెప్పారు. అబ్బాయి టోపీ తీసి చేతిలో పట్టుకొన్నాడు.

అసలు చిక్కు వయస్సుతో. రాలుట ఇంకా స్థిరపడలేదు. ఇప్పుడు ముందు వరుస నాటితే, దాని వెనుకది రాలిపోయి, నాటినది దీవివలె మిగులుతుంది. మరల నాటవలెనంటే నారు ఏది? పీకిన చోట తిరిగి మొలవదు. కాబట్టి ముందు మందులు వాడి చూడమన్నారు. మినాక్సిడిల్ పూత మానివేస్తే ఫలితము పోతుంది. ఫినాస్టిరైడ్ మాత్ర కొందరి దాంపత్య జీవితానికి ఇబ్బంది కలిగించవచ్చు గనుక డాక్టరు చెప్పనిదే వాడరాదు.

చిన్న పని అనుకోవద్దు. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి, 2019లో ముంబైలో ఒక వ్యాపారి ఈ చికిత్స తరువాత మరణించారు. ముంబైలో ఒకే విడతలో తొమ్మిది వేలకు పైగా కుదుళ్లు నాటారు. యూట్యూబు చూచి నేర్చినది శిక్షణ కాదని, తగిన శిక్షణ పొందిన రిజిస్టర్డ్ వైద్యులే చేయవలెనని జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో చెప్పవలసి వచ్చింది.

ఇది పాపమా అని ఒక సోదరి ఉత్తరము వ్రాశారు. పన్ను కట్టించుకొనుట పాపము కానప్పుడు ఇదీ కాదని మా అభిప్రాయము. రాలుట ఆగిన నడివయస్కుడు, అప్పు చేయకుండా, మంచి వైద్యుని వద్ద చేయించుకొంటే మేము అడ్డుచెప్పము.

మూడేళ్లు ఆగి చూద్దామని అబ్బాయే అన్నాడు. లైబ్రరీ దగ్గర అతనిని దింపి బస్సెక్కాము. దారిలో తండ్రి గేదెల బేరగానికి ఫోను చేసి, అమ్మడము లేదని చెప్పారు.