కొండలు దాటే అతిథులు

ఫిబ్రవరి చివరి వారానికి మన వైపు కంది కోతలు ముగుస్తాయి. శనగ చేలు పండుబారుతాయి. మోదుగ చెట్లు ఆకు రాల్చి ఎర్రని పూలతో నిండిపోతాయి. రైతు కుటుంబానికి కాస్త తెరిపి దొరికే ఈ రోజులలోనే, మనం గమనించినా గమనించకపోయినా, మన చేల మీదా చెరువుల మీదా మరొక పని చురుకుగా సాగుతుంటుంది. చలికాలమంతా ఇక్కడ గడిపిన దూరదేశపు పక్షులు కడుపునిండా తిని, తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటాయి. ఇంకో నెల గడిస్తే వాటిలో చాలా వరకు మనకు కనబడవు. గనుక ఈసారి వాటిని చూచి వచ్చి, ఆ సంగతులే పాఠకులతో పంచుకోవాలనుకున్నాము.

దోమ నుండి రెండు కుటుంబాల వారము, పిల్లలతో కలిసి పదకొండు మందిమి, ఒక తుఫాను బండి మాట్లాడుకొని తెల్లవారుజామునే బయలుదేరాము. పరిగి, వికారాబాదు, అనంతగిరి, ధారూరు, కోట్‌పల్లి, తాండూరు – ఇదీ మా దారి. ధారూరు జాతరకు వెళ్లిన వారికి ఇందులో సగం తెలిసిన దారే. ఇది పెద్ద ఖర్చుతో కూడిన విద్య కాదు. అడిగి తెచ్చుకున్న ఒక దుర్భిణి, ఒక నోటుపుస్తకం, సద్దిమూటలు – ఇవే మా సరంజామా. 1931-32 సంవత్సరాలలో సాలిం అలీ గారు హైదరాబాదు సంస్థానమంతా తిరిగి ఇక్కడి పక్షుల వివరాలను నమోదు చేశారు. ఆయన మొదలుపెట్టిన పనినే మన పిల్లలు ఒక నోటుపుస్తకంలో కొనసాగించవచ్చు.

పరిగి చేరకముందే మొదటి అతిథి కనబడింది. కోసిన కంది చేను మీద, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున, రెక్కలు కొంచెం పైకెత్తి పట్టి ఒక గద్ద మెల్లగా తేలిపోతూ ఉన్నది. మన పెద్దలు దీనిని పిల్లిగద్ద అంటారు. కోడిపిల్లల కోసం వచ్చిందేమోనని పిల్లలు రాయి అందుకోబోయారు. మేము ఆపాము. దాని చూపు కోడిపిల్లల మీద కాదు, చేలోని మిడతల మీదా ఎలుకల మీదా ఉన్నది. రష్యా, కజకిస్తాను దేశాల గడ్డిమైదానాలలో పుట్టి, వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి, మన చేలో పురుగును ఏరుతున్న పక్షి అది. కూలి అడగదు, కల్లంలో పాలు అడగదు.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినందుకు మనమందరం సంతోషించాము. ఆ కందిని పాడుచేసే శనగపచ్చ పురుగును పసులపోలిగాడు, గోరింక వంటి పక్షులు ఇష్టంగా తింటాయి. అవి వాలడానికి ఎకరాకు ఇరవై వరకు పంగల కర్రలు పాతమని వ్యవసాయాధికారులు చెబుతూనే ఉన్నారు. ఖర్చు లేని ఈ చిన్న పనిని మనలో ఎందరు చేస్తున్నారు?

అనంతగిరి మీద బండి ఆపాము. లోయలో పొగమంచు ఇంకా విడలేదు. మూసీ నది పుట్టేది ఈ కొండలలోనే. ఇటు మూసీ తూర్పుగా హైదరాబాదు మీదుగా సాగి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అటు తాండూరు వైపు నీళ్లు కాగ్నాలో చేరి, భీమా ద్వారా అదే కృష్ణకు వెళ్తాయి. ఈ చెట్లు నిలబడితేనే ఆ రెండు వైపులా నీరు నిలబడుతుందని పిల్లలకు వివరించి చెప్పాము.

కోట్‌పల్లి చెరువు గట్టుకు చేరేసరికి ఎండ ఎక్కింది. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. బొల్లికోళ్లు గుంపుగా ఈదుతున్నాయి. అంచున తోక ఊపుతూ ఉల్లంకి పిట్టలు తిరుగుతున్నాయి. “ఇవన్నీ ఎండకాలం ఎక్కడికి పోతయి?” అని పిల్లలలో ఒకరు అడిగారు.

అన్నీ వెళ్లవు. వెళ్లేవాటిలో ఎంతో ఆశ్చర్యం గొలిపేది తల మీద రెండు నల్లని పట్టీలున్న బూడిదరంగు పెద్దబాతు. చలికాలంలో అది మనకు దగ్గరలోని మంజీర జలాశయానికి కూడా వస్తుంది. దాని పుట్టినిల్లు టిబెట్, మంగోలియా, లడఖ్ ప్రాంతాల ఎత్తయిన లోయలు. లడఖ్‌లో అది గుడ్లు పెట్టే త్సో మోరిరి సరస్సు 4,500 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడికి చేరాలంటే హిమాలయాలు దాటాలి. శాస్త్రజ్ఞులు చిన్న పరికరాలు కట్టి గమనించినప్పుడు ఒక బాతు 7,290 మీటర్ల ఎత్తు వరకు ఎగిరినట్లు తేలింది. అంత ఎత్తులో మనిషికి ఊపిరి ఆడదు. ఆ బాతు రక్తం మాత్రం పలుచని గాలిలో నుండి కూడా ప్రాణవాయువును బాగా పట్టుకోగలదు. ఆ కొండను ఎక్కే బలమంతా ఇక్కడ మన నీటి ఒడ్డున తిన్న గడ్డితో, గింజలతో వచ్చిందే. ఇక్కడ వల వేస్తే అక్కడ ఒక గూడు ఖాళీ అవుతుంది.

కోట్‌పల్లి నుండి తాండూరు వెళ్లే దారిలో గొర్లు కాస్తున్న ఒక పెద్దాయన మా దుర్భిణిని చూచి దగ్గరకు వచ్చాడు. “గద్దలను చూస్తున్నరా బిడ్డా? రాబందులను చూడాలె. మా చిన్నతనంల పశువు సస్తే ఊరి బయట ఏసేటోళ్లం. పొద్దుగూకక ముందే బొక్కలు మిగిలేటియి. ఇప్పుడు కుక్కలే తింటున్నయి” అన్నాడు. ఎందుకు పోయాయని అడిగితే, “మీరే చెప్పాలె, సదువుకున్నోళ్లు” అన్నాడు.

చెప్పవలసిన సంగతే. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్ అనే మందు దీనికి కారణమని 2004లో తేలింది. ఆ సూది పొడిచిన పశువు చనిపోతే, దానిని తిన్న రాబందుల మూత్రపిండాలు చెడిపోయి అవి గుంపులుగా రాలిపోయాయి. ఒక జాతి రాబందులు పదిహేను సంవత్సరాలలోనే నూటికి తొంబైతొమ్మిది పైగా నశించాయి. పశువులకు ఆ మందు వాడరాదని 2006లో ప్రభుత్వం నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ మందులను కూడా నిషేధించింది. మెలాక్సికామ్ అనే మందు రాబందులకు హాని చేయదు. ఎవరూ పగబట్టి చేసిన కీడు కాదిది. పశువు మీది ప్రేమతో, తెలియక చేసినది. ఇప్పుడు తెలిసింది గనుక, తెలియదనే మాట ఇకమీదట చెల్లదు.

అయితే పోయినవన్నీ తిరిగి రావనుకోవద్దు. నాగాలాండ్ రాష్ట్రంలో దొయాంగ్ జలాశయం దగ్గర, 2012లో, ఆఫ్రికాకు వెళ్తూ దిగిన అముర్ డేగలను వలలు పన్ని లక్షకు పైగా చంపారు. ఆ డబ్బుతో ఇల్లు గడిచేది, పిల్లల చదువులు సాగేవి. ఆ ప్రజలలో చాలామంది మనవలెనే ఆదివారం ఆరాధనకు వెళ్లేవారు. ఈ వార్త బయటికి రాగానే గ్రామ పెద్దలు, సంఘాలు, అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు ఒక్కటయ్యాయి. మరుసటి సంవత్సరం, 2013లో, అక్కడ వేట ఆగిపోయింది. వల వేసిన చేతులే కాపలా కాశాయి. ఆ ఏడు ఉపగ్రహ పరికరం కట్టి వదలిన మూడు డేగలలో ఒకదానికి పాంగ్తి అనే ఆ గ్రామం పేరే పెట్టారు. ఒక్క సంవత్సరంలో ఒక ఊరు మారగలిగితే మన ఊరు మారదా?

ప్రియమైన తల్లిదండ్రులారా, ఈ నెలలో మీ ఇంట మూడు పనులు చేయమని కోరుతున్నాము. పిల్లల చేతిలో ఉండేలు ఉంటే తీసుకొని, బదులుగా నోటుపుస్తకం ఇవ్వండి. మీ చెరువు మీద ఏ పిట్ట ఏ రోజు చివరిసారి కనబడిందో వారిచేత వ్రాయించండి. అక్టోబరు తరువాత అది తిరిగి వస్తే ఆ తేదీ కూడా వ్రాయించండి. పశువుకు సూది వేయించేటప్పుడు మందు పేరు అడిగి తెలుసుకోండి. సంతలో పూరేడు పిట్టలను, కౌజులను అమ్మజూపితే కొనకండి. కొనేవాడు లేని రోజున వల దానంతట అదే చుట్టుకుపోతుంది.