దకార్ నుంచి దార్ ఎస్ సలాంకి పారిస్ మీదుగానా?

ఆఫ్రికాలో ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకుంటున్న తెలుగువారికి విజ్ఞప్తి

సెనెగల్ రాజధాని దకార్ అట్లాంటిక్ ఒడ్డున ఉంది. టాంజానియా రేవు నగరం దార్ ఎస్ సలాం హిందూ మహాసముద్రం ఒడ్డున. ఆకాశమార్గాన రెండింటి మధ్య దూరం దాదాపు 6,700 కిలోమీటర్లు, ఆగకుండా ఎగిరితే ఎనిమిదిన్నర గంటలు. కానీ ట్రావెల్ ఏజెంటు తరచూ చూపించేది పారిస్ మీదుగానో ఇస్తాంబుల్ మీదుగానో వెళ్ళే టికెట్టే. పారిస్ దారిలో దూరం 11,000 కిలోమీటర్లు దాటుతుంది. సహారాను రెండుసార్లు దాటి, ఎయిర్‌పోర్టు కుర్చీలో రాత్రి గడిపి, ఒక్కోసారి ట్రాన్సిట్ వీసా కూడా సంపాదించి, చివరికి దిగేది మళ్ళీ ఆఫ్రికాలోనే!

అడిస్ అబాబా మీదుగా వెళ్ళొచ్చు, నిజమే. ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ లేకపోతే మనలో చాలామందికి కాలు కదిలేది కాదు. అయితే ఒక్క కంపెనీయే దిక్కయిన చోట ధర దాని ఇష్టం.

నేరుగా వెళ్ళే విమానాలు లేనిది జనం లేక కాదు. ప్రపంచ జనాభాలో సుమారు 18 శాతం ఈ ఖండంలోనే ఉంది; విమాన ప్రయాణాల్లో వాటా మాత్రం 2 శాతం దగ్గరే. చిక్కంతా ఒప్పందాల్లో ఉంది. టాంజానియా విమానం అక్రాలో ఆగి, అక్కడివాళ్ళను ఎక్కించుకుని దకార్ వెళ్ళాలంటే ఘనా, సెనెగల్ రెండూ ఒప్పుకోవాలి. విమానయాన భాషలో దీన్ని ఐదో స్వేచ్ఛ అంటారు. అది లేకపోతే అక్రాలో దిగినవాళ్ళ సీట్లు దకార్ దాకా ఖాళీయే. అలాంటి సర్వీసును ఎవరు నడుపుతారు?

ఈ స్వేచ్ఛ ఇచ్చుకుంటామని 1999లోనే ఐవరీ కోస్ట్‌లోని యమూసుక్రోలో 44 ఆఫ్రికా దేశాలు ఒప్పుకున్నాయి. 2018 జనవరిలో ఆఫ్రికన్ యూనియన్ 23 దేశాలతో ఉమ్మడి విమాన మార్కెట్‌ను ప్రారంభించింది. తర్వాత మరిన్ని చేరాయి. సంతకాలకు కొదవ లేదు, అమలుకే మనసు రాదు.

సొంత విమాన సంస్థ మునిగిపోతుందని ప్రభుత్వాల భయం. చిన్న సంస్థలకు దెబ్బ తగలొచ్చు, కాదనం. మరి తలుపులు మూసి కాపాడితే బతికాయా? పదకొండు దేశాలు కలిసి 1961లో పెట్టుకున్న ఎయిర్ ఆఫ్రిక్ 2002లో మూతపడింది. అదే దక్షిణాఫ్రికా, కెన్యా 2000ల మొదట్లో తమ మధ్య విమానాలపై ఆంక్షలు సడలిస్తే ప్రయాణికులు 69 శాతం పెరిగారు. జొహానెస్‌బర్గ్, జాంబియా రాజధాని లుసాకాల మధ్య చౌక విమాన సంస్థను రానిస్తే అక్కడి డిస్కౌంట్ ఛార్జీలు 38 శాతం తగ్గాయి.

మనలో ఎక్కువమందికి ఇక్కడ ఓటు లేదు. పన్నులైతే కడుతున్నాం, వాణిజ్య మండళ్ళలో మన కంపెనీలకు సభ్యత్వం ఉంది. హైదరాబాద్ మందుల కంపెనీల ప్రతినిధులు, ఇంజనీర్లు, దుకాణదారులు తమ మండలి ద్వారా రవాణా మంత్రిత్వ శాఖకు రాయించాలి. అడగాల్సింది ఒక్కటే: యమూసుక్రో ఒప్పందంలో ఉన్న దేశాల విమానాలకు ఐదో స్వేచ్ఛ ఇవ్వండి, రూటు రూటుకూ విడిగా బేరమాడొద్దు. ఉత్తరంలో మీరు నిజంగా తిరిగే రూటు, పట్టిన గంటలు, కట్టిన ఛార్జీ రాయండి. టికెట్ నకలు జతచేయండి. దకార్‌లో, అబిజాన్‌లో ఉన్నవారు ఫ్రెంచిలోనే రాయించండి. ఇంగ్లీషు ఉత్తరాన్ని అక్కడి ఆఫీసుల్లో పక్కన పెట్టేయడం తేలిక.