బీరువా మీది ల్యాప్‌టాప్‌ను కిందికి దించండి

ఈ నెల సంపాదకీయం స్క్రూడ్రైవర్ గురించి. సంఘానికి, న్యాయానికి, స్క్రూడ్రైవర్‌కు ఏమిటి సంబంధమని కొందరికి అనిపించవచ్చు. చివరిదాకా చదవండి, సంబంధం ఉందని మీరే ఒప్పుకుంటారు.

2011 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వం ఉచిత ల్యాప్‌టాప్ పథకాన్ని ప్రారంభించింది. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే పాఠశాలల్లో ప్లస్ టూ చదివే పిల్లలకు, కళాశాల విద్యార్థులకు ఆ తర్వాతి ఏళ్లలో లక్షల సంఖ్యలో ల్యాప్‌టాప్‌లు అందాయి. కోవిల్‌పట్టి నుంచి శంకరన్‌కోవిల్ వెళ్లే దారిలో ఉన్న కళుగుమలైలోనూ, అటు విరుదునగర్ వరకు ఉన్న పల్లెల్లోనూ చాలా ఇళ్లకు వచ్చిన మొదటి కంప్యూటర్ అదే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో, టపాసుల షెడ్డులో, కరిసల్ నేల పొలాల్లో పనిచేసే తల్లిదండ్రులు దాన్ని గుడ్డలో చుట్టి దాచుకున్నారు.

ఆ ల్యాప్‌టాప్‌లు ఇప్పుడు ఎక్కడున్నాయి? మేము వెళ్లే ఇళ్లలో చాలాసార్లు వాటిని బీరువా మీద, దుమ్ము కింద చూస్తున్నాం. అడిగితే ఒకటే జవాబు: "పోయిందయ్యా." ఏది పోయింది, ఎందుకు పోయింది అని ఎవరూ చూడలేదు. వాటిలో నిజంగా చచ్చిపోయినవి కొన్ని ఉంటాయి. మిగతావి పరీక్ష చేయకుండానే పాతిపెట్టినవి.

ఈ ప్రాంతంలో తెలుగు మాట్లాడే ఇళ్లు తక్కువేమీ కాదు. నాయుళ్లు, నాయకర్లు, రెడ్లు, అరుంధతీయులు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. వీరందరిలో వెనకబడినవారు అరుంధతీయులు. తరతరాలుగా ఊరి మురికి ఎత్తే పని వారి నెత్తిన పెట్టారు. 2009లో తమిళనాడు చట్టం చేసి వారికి షెడ్యూల్డ్ కులాల కోటాలో 3 శాతం ప్రత్యేకంగా ఇచ్చింది. ఆ తలుపు తెరుచుకున్నందువల్ల కళాశాలకు వెళ్తున్న మొదటి తరం ఇప్పుడు మన సంఘాల్లో ఉంది. ఆ బిడ్డ చేతిలోని ల్యాప్‌టాప్ ఆగిపోతే రెండోది కొనే స్తోమత ఆ ఇంటికి లేదు. "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కో" అన్న ఒక్క మాటతో ఒక సెమిస్టర్ పోతుంది. నిజాయితీగా పనిచేసే మెకానిక్‌లు ఉన్నారు, వారికి వందనాలు. అయితే నేర్చుకోగలిగినంత మనమే నేర్చుకుంటే మెకానిక్ దగ్గరికి కూడా తల ఎత్తుకుని వెళ్లవచ్చు.

ముందు పరీక్ష, తర్వాతే మార్పు

డాక్టరు నాడి చూడకుండా మందు రాయడు. ల్యాప్‌టాప్ విషయంలోనూ అంతే. డబ్బు ఖర్చు కాని పరీక్షలు ముందు, ఖర్చయ్యేవి చివర. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. నాలుగు ఒకేసారి మారిస్తే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు.

అసలు ఆన్ కాకపోతే ముందు అడాప్టర్‌ను అనుమానించండి. దాని మీద రాసిన వోల్టేజీ, చాలావాటికి 19 వోల్టుల దగ్గర, పిన్ను దగ్గర వస్తోందో లేదో మల్టీమీటర్‌తో చూడవచ్చు. వస్తుంటే అడాప్టర్ తీసేసి, విడిగా వచ్చే బ్యాటరీ అయితే దాన్నీ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత బ్యాటరీ లేకుండా అడాప్టర్‌తోనే ఆన్ చేసి చూడండి. ఇంతమాత్రంతో లేచే యంత్రాలు ఎన్నో.

లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. అప్పుడు టార్చి వేసి తెరను ఏటవాలుగా చూడండి. మసకగా బొమ్మ కనిపిస్తే పోయింది తెర వెనక దీపం లేదా దాని వైరు. ఏమీ కనిపించకపోతే వేరే మానిటర్‌కో టీవీకో తగిలించండి. అక్కడ బొమ్మ వస్తే లోపం తెరలోనో దాని కేబుల్‌లోనో ఉంది, బోర్డు బాగానే ఉంది. అక్కడా రాకపోతే ర్యామ్ చూడాలి. దాన్ని తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొట్టు దులిపి, ఏటవాలుగా దూర్చి, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనేలా నొక్కాలి. రెండు ముక్కలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి.

మధ్యలో వేడెక్కి ఆగిపోతుంటే దుమ్ము, ఆగిన ఫ్యాను, ఎండిపోయిన థర్మల్ పేస్టు కారణం కావచ్చు. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే లోపలి చిన్న నాణెం బ్యాటరీ అయిపోయింది. హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేయవద్దు. దొరికినంత సమాచారాన్ని ముందు వేరేచోటికి కాపీ చేయండి. యంత్రం నత్తలా నడుస్తుంటే పాత హార్డ్ డిస్క్ తీసి 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డి పెడితే, 2 జీబీ ర్యామ్‌ను పెంచితే, పదేళ్ల నాటి యంత్రం కూడా పాఠాలు వినడానికి, ప్రాజెక్టు రాయడానికి పనికొస్తుంది.

కొనే ముందు అడుగున ఉన్న మోడల్ నంబరు రాసుకోండి. డీడీఆర్3 ర్యామ్ ఉన్నచోట డీడీఆర్4 పట్టదు, గాటు వేరే చోట ఉంటుంది. బలవంతం చేస్తే స్లాటు విరుగుతుంది. కొత్త అడాప్టర్ వోల్టేజీ పాతదానికి సమానంగా ఉండాలి. ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండవచ్చు, తక్కువ ఉండకూడదు. బ్యాటరీ మీద ఐఎస్ 16046, అడాప్టర్ మీద ఐఎస్ 13252 అన్న బీఐఎస్ గుర్తు ఉందో లేదో చూడండి. చవగ్గా వచ్చిందని గుర్తు లేని బ్యాటరీని పిల్లల ఒడిలో పెట్టకండి.

విప్పే ముందు

ఇల్లు కట్టేవాడు డాబాకు పిట్టగోడ కట్టాలని, ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటి మీద ఉంటుందని ధర్మశాస్త్రం చెబుతుంది (ద్వితీయోపదేశకాండము 22:8). జాగ్రత్త అనేది భయస్థుల పని కాదని, పొరుగువానిపై ప్రేమ అని ఆ ఆజ్ఞ నేర్పుతోంది. మరమ్మతు బల్లకూ ఒక పిట్టగోడ కావాలి.

స్లీప్‌లో పెట్టడం చాలదు, పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. అడాప్టర్ పీకాలి. బ్యాటరీ విడిగా వచ్చేదైతే తీయాలి. లోపల ఉండేదైతే మూత తెరవగానే మొదటి పని దాని కనెక్టర్‌ను ఊడదీయడం. ఆ తర్వాతే మిగతా భాగాలను ముట్టుకోవాలి. మూత తెరవడానికి పాత ప్లాస్టిక్ కార్డు వాడండి, ఇనుప మొన వద్దు. కాగితం మీద యంత్రం బొమ్మ గీసి, ఏ మూల స్క్రూను ఆ మూలే పెట్టండి. పొడవు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే బోర్డుకు రంధ్రం పడవచ్చు. ప్రతి దశలో ఫోనుతో ఫోటో తీయండి. కీబోర్డు పట్టీ కేబుల్‌ను లాగకండి, దాని చిన్న గొళ్లెం ఎత్తితే అదే వస్తుంది. అడాప్టర్‌ను మాత్రం ఎప్పుడూ విప్పవద్దు. కరెంటు తీసిన తర్వాత కూడా దాని కెపాసిటర్లలో షాకు కొట్టేంత విద్యుత్తు మిగిలి ఉంటుంది.

శివకాశి, సాత్తూరు వైపు మందు నింపే షెడ్లలో పనిచేసిన అమ్మలకు ఇంకో సంగతి బాగా తెలుసు. నైలాన్ బట్టలు కట్టుకోకూడదు, నూలు బట్టలే కట్టుకోవాలి, భూమికి కలిపిన లోహపు రేకును తాకి లోపలికి వెళ్లాలి. ఒంట్లో చేరిన స్థిర విద్యుత్తు చిన్న నిప్పురవ్వ అయితే చాలు, అక్కడ ప్రాణాలు పోతాయి. అదే విద్యుత్తు మన వేలికి తెలియకుండానే ర్యామ్ చిప్పును చంపుతుంది. అందుకే నూలు బట్ట, చెక్క బల్ల, ముట్టుకునే ముందు భూమికి కలిసిన లోహాన్ని తాకే అలవాటు. ఈ పాఠం మన అమ్మల దగ్గరే నేర్చుకోవచ్చు.

ఉబ్బిన బ్యాటరీ

అన్నిటికంటే ప్రమాదం ఇక్కడుంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా మూసుకోకపోయినా లోపల లిథియం బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. అలాంటిదాన్ని ఛార్జింగ్‌లో పెట్టవద్దు, నొక్కవద్దు, పొడవవద్దు, ఇనుప మొనతో పీకవద్దు. జిగురుతో అతుక్కుని ఉంటే మీరు ఆగిపోయి, అనుభవం ఉన్నవారికి ఇవ్వండి. బుసకొట్టినా, తియ్యటి రసాయనపు వాసన వచ్చినా, పొగ వచ్చినా వదిలేసి బయటికి రండి, పిల్లలను దూరం పంపండి. పనిచేసేచోట ఇసుక నింపిన ఇనుప బకెట్ ఒకటి ఉండాలి. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో టపాసుల ఫ్యాక్టరీ పేలుడు ముప్ఫై మందికి పైగా ప్రాణాలు తీసింది. ఈ నేల మీద నిప్పును తేలిగ్గా తీసుకునే హక్కు ఎవరికీ లేదు.

తీసిన పాత బ్యాటరీని ఏం చేస్తున్నాం? మా ముఖ్యమైన ప్రశ్న ఇదే. చెత్తబుట్టలో వేస్తే అది మాయమైపోదు. తెల్లవారి మునిసిపల్ బండి దగ్గర ఒక చేయి దాన్ని వేరు చేస్తుంది. ఆ చేతికి చాలాసార్లు తొడుగు కూడా ఉండదు. ఆ చేయి ఎవరిది? చాలా ఊళ్లలో అది అరుంధతీయ అక్కది, అన్నది. మన భాష మాట్లాడే చేయి, ఆదివారం మన పక్కనే కూర్చుని ప్రార్థనలో ముడుచుకునే చేయి. పాత ఇనుము కొట్టులో రాగి కోసం దాన్ని పగలగొట్టే పిల్లవాడూ మనవాడే. మన ఇంటి చదువు కోసం వాడిన వస్తువు ఇంకొకరి ఇంటి బిడ్డను కాల్చకూడదు. కాబట్టి కొనలకు టేపు అంటించి, విడిగా ఇసుకలో ఉంచి, గుర్తింపు పొందిన ఈ-వ్యర్థాల సేకరణదారుకే ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నియమాలు ఈ-వ్యర్థాల రీసైక్లింగ్ బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టాయి. బ్యాటరీలకు 2022లోనే వేరే నియమాలు వచ్చాయి. కంపెనీ చేయాల్సిన పనిని మనం అడగకపోతే దాని భారం పారిశుధ్య కార్మికుల మీద పడుతుంది.

ఎవరికి నేర్పుతాం?

కళుగుమలై రథవీధుల్లో ఎవరు ఊరేగాలి, ఎవరు ఊరేగకూడదు అన్న తగాదా 1895లో రక్తపాతం దాకా వెళ్లింది. క్రైస్తవ్యం స్వీకరించిన నాడార్లు ఆ కథలో ఒక పక్షం. వీధి మీద హక్కు కోసం అంత మూల్యం చెల్లించిన ఊళ్లో, జ్ఞానం అనే వీధికి మనమే గేట్లు పెడితే ఎలా?

గేట్లు ఉన్నాయి. స్క్రూడ్రైవర్ అనగానే అబ్బాయిలనే పిలుస్తాం. యెరూషలేము గోడ బాగుచేసినవారి పట్టికలో షల్లూము పక్కనే అతని కుమార్తెల పని కూడా రాసి ఉంది (నెహెమ్యా 3:12). అమ్మాయిలు మరమ్మతు నేర్వడానికి ఇంకో కారణం కూడా ఉంది. యంత్రంలో వారి ఫోటోలు, ఆధార్, సర్టిఫికెట్లు ఉంటాయి. తెలియనివారి చేతికి ఇవ్వడానికి భయపడి బీరువా మీద పెట్టినవారు కొందరు. బల్ల దగ్గర చెల్లెళ్లు ఉంటే ఆ భయం తగ్గుతుంది. ఎవరు బాగుచేసినా యజమాని ముందే తెరవాలి, పరీక్షకు అవసరం లేని ఫైలు ముట్టుకోకూడదు. అది నమ్మకానికి సంబంధించిన నియమం.

ఇక ప్రభుత్వానికి ఒక మాట. 2025–26 బడ్జెట్‌లో తమిళనాడు, రెండేళ్లలో 20 లక్షల మంది కళాశాల విద్యార్థులకు ల్యాప్‌టాప్ లేదా ట్యాబ్ ఇస్తామని ప్రకటించింది. సంతోషం. అయితే ఇచ్చిన ఫోటోతో పథకం ముగియకూడదు. ప్రతి తాలూకాలో విడిభాగాలు దొరికే మరమ్మతు కేంద్రం, పాత బ్యాటరీలు తీసుకునే చోటు ఉండాలి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. ఆ హక్కు పేదవాడి ఇంటిదాకా రావాలంటే మన యువత గొంతు కలపాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మేము పెద్ద పని అడగడం లేదు. మీ సంఘంలో ఒక శనివారం ఒక చెక్క బల్ల వేయండి. ఒక మల్టీమీటర్, ఒక స్క్రూడ్రైవర్ సెట్టు, ఒక పాత మానిటర్, ఒక ఇసుక బకెట్ చాలు. అనుభవం ఉన్న మెకానిక్ ఒకరిని పిలిచి, ఆయన సమయానికి కూలి ఇచ్చి, పక్కన నిలబడి నేర్చుకోండి. మొదటి పిలుపు పారిశుధ్య కార్మికుల కాలనీకి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వీధికి వెళ్లాలి. ఏ మతం అని అడగవద్దు. బాగుకాని యంత్రాలు ఉంటాయి, వాటి మంచి ర్యామ్, మంచి తెర ఇంకో యంత్రానికి ఉపయోగపడతాయి. ఎన్ని వచ్చాయి, ఎన్ని లేచాయి, ఎన్ని బ్యాటరీలు సరైనచోటికి చేరాయి అని ఒక నోటుపుస్తకంలో రాయండి. ఆ లెక్క మాకు పంపండి, వచ్చే సంచికల్లో ప్రచురిస్తాం.