వాళ్లు చూసేది చొక్కాను కాదు

పోయిన పక్షం మా ఆఫీసుకు ఒక కుర్రాడు వచ్చాడు. పట్నం పక్కన గోల్ఫ్ మైదానంలో సంచులు మోసే పని. ఆ పనివాణ్ణి క్యాడీ అంటారు. పొద్దున్నే పోయి, ఆడేవాళ్ల కర్రల సంచి భుజానికేసుకుని, పద్దెనిమిది గుంతలూ వాళ్ల వెనకాలే నడవాలి. గాలి ఎటు వీస్తోంది, గడ్డి ఎటు వాలి ఉంది, ఈ దూరానికి ఏ కర్ర తియ్యాలి అనేది వాడే చెప్పాలి. అంత తెలిసిన కుర్రాడు, చెల్లెలి పెళ్లి శుభలేఖ ఒక మెంబరుకు ఇద్దామని సెలవు రోజున క్లబ్బు భవనం మెట్లెక్కబోయాడు. కొత్త చొక్కా వేసుకుని పోయాడు. గేటు దగ్గర మనిషి ఆపి గోడ మీది బోర్డు చూపించాడు. కాలర్ లేని చొక్కాలు, జీన్సు ప్యాంట్లు, చెప్పులు నిషేధం.

"నా చొక్కాకు కాలరుంది గదన్నా, కాళ్లకు బూట్లున్నాయి గదా" అన్నాడు కుర్రాడు.

"ఉంటే మాత్రం? నువ్వు క్యాడీవి. వెనక గేటు నుంచి పో" అన్నాడతను.

ఆ గేటు మనిషీ మన వాడలోంచి పోయినవాడే. అతన్ని తిట్టి లాభం లేదు, బోర్డు రాసింది అతను కాదు. కుర్రాడు మమ్మల్ని ఒకే మాట అడిగాడు: "అన్నా, బోర్డులో ఉన్నవన్నీ నాకున్నాయి. మరి ఆ బోర్డు ఎవరికోసం పెట్టినట్టు?"

మన వాడకు మంచినీళ్లే లేకపోతే గోల్ఫ్ గొడవ మనకెందుకయ్యా అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిందే. కానీ నీళ్ల కాడ ఆపేవాడూ, గేటు కాడ ఆపేవాడూ ఒకే బడిలో చదువుకున్నారని మేము అనుకుంటున్నాం. అందుకే ఈసారి ఆ కుర్రాడి ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

గోల్ఫ్ స్కాట్లాండులో పెరిగిన ఆట. తెల్లదొరలు 1829లోనే కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు పెట్టుకున్నారు. వాళ్ల దీవుల బయట పుట్టిన క్లబ్బుల్లో అదే పాతది. దొరలు పోయారు. క్లబ్బులు ఉన్నాయి, కుర్చీలు ఉన్నాయి, బోర్డులూ ఉన్నాయి. కుర్చీల్లో కూర్చున్నవాళ్ల రంగు మారింది, అంతే.

ఆటలో మర్యాదలన్నీ చెడ్డవని మేము అనడం లేదు. ఎదుటివాడు బంతి కొట్టేటప్పుడు మాట్లాడకూడదు. బంతి మనుషుల మీదికి పోతుంటే కేకేసి హెచ్చరించాలి. కర్ర తగిలి లేచిన గడ్డిపెళ్లను మళ్లీ అక్కడే పెట్టి అదమాలి. ఇసుక గుంతలో దిగినవాడు పోయేముందు దాన్ని చదును చేసి పోవాలి. నారుమడిలో అడుగు పెట్టకూడదని మనకు ఎవరైనా చెప్పాలా? ఇవి ఆట కోసం, పక్కవాడి కోసం పెట్టుకున్న కట్టుబాట్లు. వీటితో మనకు పేచీ లేదు.

కాలర్ సంగతి వేరు. ప్రపంచమంతా ఒప్పుకున్న గోల్ఫ్ నియమాల పుస్తకంలో చొక్కాకు కాలర్ ఉండాలని ఎక్కడా లేదు. కాలర్ లేనివాడు కొట్టాడని బంతి గుంతలో పడకుండా మొండికెయ్యదు. ఇది క్లబ్బు కమిటీలు పెట్టుకున్న రూలు. ఆటకు దీనితో పనిలేదు, గేటుకే పని. నిజంగా ఇది బట్టల గురించే అయితే సరైన బట్టలు వేసుకున్న ప్రతివాడూ లోపలికి పోవాలి గదా? పోయాడా? మూడు సంగతులు చెబుతాం, మీరే తేల్చండి.

మొదటిది మన దేశంలోనే. 2017 జూన్ 25న ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బుకు భోజనానికి పిలిస్తే వెళ్లింది ఒక ఖాసీ మహిళ. పిల్లల్ని చూసుకునే ఉద్యోగం ఆమెది. తన జాతివాళ్లు పండగకూ పబ్బానికీ కట్టుకునే జైన్‌సెమ్ కట్టుకుని పోయింది. బల్ల దగ్గర కూర్చున్న మనిషిని లేచి పొమ్మన్నారు. పనిమనిషిలా ఉన్నావన్నారని ఆమె లోకానికి చెప్పింది. సొంత బట్ట కట్టుకుంటే బయటికి.

రెండోది సముద్రం అవతల, దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో. 1860లో మద్రాసు నుంచి ఓడెక్కి ఆ నాటాల్ చెరకు తోటలకు పోయిన కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. అలా పోయిన భారతీయ కూలీల సంతతివాడే పాప్వా సెవ్‌గోలుమ్. చిన్నప్పటి నుంచి క్యాడీ. చదువు లేదు. కర్ర పట్టడం కూడా ఎవరూ నేర్పలేదు, అందరికీ తిరగేసి చేతులు పెట్టి పట్టేవాడు. ఆ పట్టుతోనే 1959లో, 1960లో డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో డర్బన్ కంట్రీ క్లబ్బులో నాటాల్ ఓపెన్‌లో తెల్లవాళ్లందరినీ ఓడించాడు. బహుమతి ఇచ్చే వేళకు వాన. తెల్లవాళ్లు క్లబ్బు భవనం లోపల ఉన్నారు. గెలిచినవాడికి లోపలికి పోయే హక్కు లేదు, అతని చర్మం తెల్లది కాదు గనుక. బయట వానలో నిలబెట్టి కప్పు చేతికిచ్చారు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. చొక్కా సరిగ్గానే ఉంది, బూట్లు సరిగ్గానే ఉన్నాయి, ఆట అందరికంటే సరిగ్గా ఉంది. అయినా బయటికే.

మూడోది అమెరికాలో, అగస్టా నేషనల్ క్లబ్బులో. అక్కడ మెంబర్లకు పచ్చ కోటు. క్యాడీలకు తెల్లటి పైదుస్తు. 1982 దాకా అక్కడి పెద్ద పోటీలో క్యాడీలందరూ నల్లవాళ్లే. ఆ తెల్ల దుస్తు వేసుకున్న నల్లవాణ్ణి ఎవరూ గేటు దగ్గర ఆపలేదు, సంచి మొయ్యాలి గదా! కానీ ఆ పోటీలో నల్లవాడు ఆటగాడుగా దిగడానికి 1975 దాకా పట్టింది. అతని పేరు లీ ఎల్డర్. నల్లవాడికి మెంబరు పచ్చ కోటు దొరకడానికి 1990 దాకా పట్టింది. ఆడవాళ్లకు 2012 దాకా పట్టింది.

ఇప్పుడు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. సొంత బట్టతో పోతే బయటికి. వాళ్ల బట్టతో పోయి గెలిచినా బయటికి. నౌకరు బట్టతో పోతే మాత్రం లోపలికి రా, సంచి ఎత్తుకో! అంటే వాళ్లు చూసేది చొక్కాను కాదు. చొక్కా లోపలి మనిషిని. కుర్రాడికి మా జవాబు ఇదే. ఆ బోర్డు రాసింది బట్టల గురించే, పెట్టింది మాత్రం మనుషుల్ని ఏరడానికి.

ఈ ఏరివేత మనకు కొత్తదా? తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్లు రొమ్ము మీద బట్ట వేసుకునే హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడారు. 1859లో రాజు దిగొచ్చి ఉత్తర్వు ఇస్తూ కూడా, అగ్రకుల స్త్రీల మాదిరిగా మాత్రం వేసుకోకూడదని మెలిక పెట్టాడు. మన ఊళ్లలో పెద్దకులాల వీధి వచ్చేసరికి చెప్పులు చేతికి, తలగుడ్డ చంకకు, తువ్వాలు నడుముకు మారిన సంగతి మన తాతల్ని అడిగితే చెబుతారు. దాన్ని కూడా 'మర్యాద' అనే పిలిచారు. 1991లో చుండూరులో సినిమా హాలులో దళిత యువకుడి కాలు అగ్రకులపోడికి తగలడం 'మర్యాద తప్పడం' అయ్యింది. అక్కడ రాజుకున్న పగ ఆగస్టు 6న 8 మంది దళితుల్ని నరికి కాలువల్లో వేసేదాకా పోయింది. మర్యాద అనే మాట మనకు ఊరికే భయం పుట్టించదు.

బాబాసాహెబ్ ఈ గుట్టు ముందే కనిపెట్టాడు. 1927 డిసెంబరులో మహద్‌లో మన ఆడవాళ్లతో మాట్లాడుతూ, కులం ఇట్టే తెలిసిపోయే చీరకట్టునూ నగలనూ వదిలెయ్యమన్నాడు. మోకాలి దాకా కట్టిన చీర పాదాల దాకా దిగింది. ఆయన సూటు వేసింది కూడా అందుకే. అది గేటు పగలగొట్టిన సూటు. మనలో ఉద్యోగాలొచ్చి క్లబ్బుల్లో చేరిన తమ్ముళ్లకు ఒక మాట. మీరు లోపలికి పోవడం మాకు సంతోషమే. పోయాక మీ వెనకాల గేటు వేసెయ్యకండి. సంచి మోసే కుర్రాడు పలకరిస్తే మొహం తిప్పుకోకండి.

ఇక చట్టం సంగతి. 2014 జూలైలో మద్రాసు హైకోర్టు జడ్జి హరిపరంధామన్ పంచె కట్టుకుని పోతే చెన్నైలో క్రికెట్ సంఘం క్లబ్బువాళ్లు లోపలికి రానివ్వలేదు. గొడవైంది. మరుసటి నెలలోనే తమిళనాడు అసెంబ్లీ చట్టం చేసింది. పంచె కట్టాడనో, మరో భారతీయ సంప్రదాయ దుస్తు వేశాడనో క్లబ్బులు కూడా ఎవర్నీ ఆపకూడదంది. మంచిదే. కానీ ఒకటి గమనించండి. జడ్జిగారికి అవమానం జరిగితే నెలలో చట్టమొచ్చింది. మూడేళ్ల తర్వాత ఆయాగా బతికే ఖాసీ మహిళకు అవమానం జరిగితే ఢిల్లీలో అలాంటి చట్టం రాలేదు.

మన చేతిలో చట్టం లేకపోలేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. నలుగురూ తిరిగేచోట ఎస్సీ, ఎస్టీలను చెప్పులు వేసుకోనివ్వకపోవడం, కొత్తబట్టలు కట్టుకోనివ్వకపోవడం, సైకిలూ మోటారుసైకిలూ ఎక్కనివ్వకపోవడం, పెళ్లి ఊరేగింపు ఆపడం ఇవన్నీ అత్యాచారాలే అని అందులో రాసి ఉంది. ఇది ప్రతి వాడలో చదివి వినిపించాలి. కొత్త చొక్కా వేసినందుకు మన పిల్లగాణ్ణి కొడితే అది ఏదో కుర్రాళ్ల కొట్లాట అని పోలీసులు రాసుకోకుండా, ఈ చట్టం పేరు చెప్పి కేసు రాయించాలి.

క్లబ్బువాళ్లు మాది ప్రైవేటు అంటారు. అయితే భూమి ఎవరిది? ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు నగరం నడిబొడ్డున సర్కారు లీజు భూమిలో ఉంది. సెంటు జాగా పట్టా కోసం మనల్ని ఏళ్ల తరబడి తిప్పే సర్కారు, పెద్దల బంతాటకు ఎకరాల కొద్దీ ఇస్తుంది. కాబట్టి కార్యకర్తలు ఒక పని చెయ్యండి. మీ జిల్లాలో ఏ క్లబ్బు సర్కారు భూమిలో ఉందో, ఎంతకు లీజుకిచ్చారో, ఎన్నేళ్లకిచ్చారో 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి కాగితం తీసుకోండి. ప్రజల భూమి మీద క్యాడీలకూ ఆయాలకూ డ్రైవర్లకూ వెనక గేటు ఎందుకని కలెక్టర్ని అడగండి. బతిమాలితే తెరుచుకోవు ఈ గేట్లు. 1990లో అమెరికాలో షోల్ క్రీక్ క్లబ్బు పెద్ద నల్లవాళ్లను చేర్చుకోమని బాహాటంగా అన్నాడు. జనం తిరగబడ్డారు, కంపెనీలు టీవీ ప్రకటనలు వెనక్కి తీసుకున్నాయి. అప్పుడు తెరుచుకున్నాయి అక్కడి తలుపులు. అగస్టాలో నల్లవాడికి పచ్చ కోటు దొరికింది ఆ ఏడాదే.

సంచి మోసే చేతులకు ఆట రాదనుకుంటే అది వాళ్ల అమాయకత్వం. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ క్యాడీ పనిలోంచి వచ్చినవాడు. 2009లో అదే కప్పు గెలిచిన బెంగుళూరు చిన్నస్వామి మునియప్ప కూడా క్యాడీ పనిలోంచి వచ్చినవాడే.

మా దగ్గరకొచ్చిన కుర్రాడి చెల్లెలి పెళ్లి వచ్చే నెల. ఆ మెంబరుకు ఇవ్వాలనుకున్న శుభలేఖ మా బల్ల మీద పెట్టి పోయాడు. మేమంతా పోతున్నాం. ఆ పందిట్లోకి ఎవరైనా రావచ్చు, ఆ మెంబరుగారు కూడా. అక్కడ ఎవరూ ఆయన కాలర్ చూడరు. ఆకేసి అన్నం పెడతారు. మర్యాద అంటే మాకు తెలిసింది అదే.

జై భీమ్.